ట్రంకు పెట్టెలో దొరికిన మిలిటరీ పతకాలు: చింతపండు పెట్టకముందు ఇది చదువు

తమ్ముడూ, మీది జమ్మలమడుగు పక్క ఊరు అన్నావు, మీ జేజి ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద గుడ్డమూటలో మూడు పతకాలు దొరికినాయన్నావు, ఒకటి వెండిది గుర్రం మీద మనిషి ఉండేది, ఒకటి రాగి రంగుకు తిరిగింది రెక్కల దేవత ఉండేది, ఇంకోటి తెల్లటి లోహం మీద ఇండియా మ్యాపు ఉండేది. ఇట్లాంటిదే మ్యూజియంలో గాజు పెట్టెలో చూసినావంట, మీ ముత్తాతకు శౌర్యానికి ఇచ్చినారా అని ఒక ప్రశ్న, మీ చిన్నాయన చింతపండుతో తోమి ప్రొద్దుటూరులో వెల కట్టిద్దాం అంటున్నాడు చేయొచ్చా అని ఒక ప్రశ్న, మ్యూజియంకి ఇద్దామా ఇంట్లో పెట్టుకుందామా అని ఇంకో ప్రశ్న. నా ఉద్యోగమంతా మ్యూజియంలో లోహపు వస్తువుల మీదనే గడిచింది, పతకాలు చానా చూసినాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు చిన్నాయనకు ఫోన్ చేసి చింతపండు ఆపమని చెప్పు. మిగతాదంతా తర్వాత.

ఎందుకంటే ఆ పతకంలో అన్నిటికంటే విలువైన భాగం రాజు బొమ్మ కాదు, గుర్రం కాదు, వెండి అసలే కాదు. దాని అంచు. నాణేన్ని నిలబెడితే చుట్టూ కనపడే ఆ సన్న పట్టీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక నంబరు, హోదా, పేరు, పటాలం పేరు కొట్టి ఉంటాయి. ముందు వెనక బొమ్మలు లక్షల పతకాలకు ఒకటే, ఆ వెండి పతకం ఒక్కటే 60 లక్షలకు పైగా అచ్చు కొట్టినారు, అన్నిటి మీదా అవే బొమ్మలు. మీ ఇంట్లో ఉండేదాన్ని మిగతా లక్షల నుంచి వేరు చేసేది ఆ అంచు మీద ఉండే ఒక్క వరస అక్షరాలే. ఆ అక్షరాల లోతు వెంట్రుక మందం, చింతపండు పులుపు వేసి పీచుతో రుద్దిన ప్రతిసారీ కొంచెం అరుగుతాయి, పండక్కీ పబ్బానికీ రుద్దితే మొత్తం పోతాయి. నా దగ్గరికి అట్లా అద్దం మాదిరి మెరిసే పతకాలు తెచ్చినవాళ్ళు ఉన్నారు, ఎంత ప్రేమగా తోమినారో తెలుస్తానే ఉంటుంది, అంచు చూస్తే నున్నగా ఉంటుంది, ఇది ఎవరిదబ్బా అంటే మా తాతది అంటారు, తాత పేరేంది ఏ పటాలం అంటే ఇంట్లో ఎవరికీ తెలీదు. అక్కడ ఇంక ఎవరూ ఏం చేయలేరు.

ఇప్పుడు నీ మూడు పతకాల సంగతి. వెండిదాన్ని బ్రిటిష్ వార్ మెడల్ అంటారు, మొదటి ప్రపంచ యుద్ధానిది. ముందు పక్క అయిదో జార్జి తల, వెనక పక్క ఒంటి మీద బట్ట లేకుండా గుర్రమెక్కిన మనిషి, ఆయన సెయింట్ జార్జి, గుర్రం కాళ్ళ కింద డేగ బొమ్మ ఉండే డాలు, కింద పుర్రె, ఎముకలు, బొమ్మకు రెండు పక్కలా 1914, 1918 అని. అడ్డం 36 మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి కొలువు. దీని రిబ్బను నడుమ నారింజ రంగు, రెండు పక్కలా తెలుపు, నలుపు, చివర నీలం చారలు ఉంటాయి, నీ ఫొటోలో ఆ రంగులు వెలిసిపోయినా ఆనవాలు పట్టొచ్చు. రెక్కల దేవత ఉండేది విక్టరీ మెడల్, కంచుది, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బను. కొత్తలో ఇది బంగారు రంగులో ఉండేది, పైన ఉండే ఆ పూత పోయినాక ఇట్లా రాగి మాదిరి అవుతుంది, అది మురికి కాదు, దాన్ని తోమితే బంగారు రంగు తిరిగి రాదు, ఉండే కాస్త పూత కూడా పోతుంది. విక్టరీ మెడల్ ఇచ్చినోళ్ళందరికీ వార్ మెడల్ కూడా ఇచ్చినారు కాబట్టి ఈ రెండూ జంట, ఎప్పటికీ విడదీయొద్దు.

శౌర్యానికా అంటే, కాదు. ఇవి సేవా పతకాలు, యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చేవి. శౌర్యానికి ఇచ్చేవి వేరే ఉండేవి, ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1907లో పెట్టిన ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్, ఇట్లాంటివి. ఈ మాట చెప్తే చానామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు, నువ్వు అట్లా అనుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి 10 లక్షల మందికి పైగా సముద్రం దాటిపోయినారు, అందులో పేరు మోసిన వీరుల గురించి పుస్తకాలు ఉన్నాయి, పంజాబు, గఢ్వాల్, నేపాల్ వాళ్ళ గురించి ఉన్నాయి, మన సీమ పల్లెల నుంచి పోయినోడి గురించి రాసిపెట్టినవాళ్ళు చానా తక్కువ. మీ ముత్తాత పోయి వచ్చినాడు అనడానికి బహుశా మిగిలిన ఒకే ఒక రాతపూర్వక సాక్ష్యం ఆ అంచే. అది శౌర్య పతకం కాకపోయినందువల్ల దాని విలువ నా లెక్కలో పిసరంత తగ్గదు.

అంచు మీద నువ్వు చదివి రాసింది చూస్తే నాకు భలే సంతోషమయింది. నంబరు, తర్వాత ఎస్‌పీఆర్, పేరు, తర్వాత 2 క్యూవీఓ, ఆపైన ఎస్ అండ్ ఎమ్. ఎస్‌పీఆర్ అంటే సాపర్, అంటే సైన్యంలో వంతెనలు కట్టేవాళ్ళు, దారులు వేసేవాళ్ళు, కందకాలు తవ్వేవాళ్ళు, నీళ్ళ ఏర్పాట్లు చూసేవాళ్ళు, అవసరమైతే తుపాకీ పట్టేవాళ్ళు. మిగతాది సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్, అంటే మద్రాస్ సాపర్స్, బెంగళూరులో ఉండే దళం. 1780లో మద్రాస్ పయనీర్లుగా మొదలయింది, ఇప్పటికీ బెంగళూరులోనే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ పేరుతో ఉంది. పాత మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళ, తెలుగు, కన్నడ, మలయాళం వాళ్ళు అందులో చేరినారు, మన దత్తమండలాల వాళ్ళకు బెంగళూరు ఎంత దగ్గరో నీకు తెలిసిందే. ఈ దళానికి 2 క్యూవీఓ అనే పేరు 1911 నుంచి ఉండింది, 1923లో పేరు మార్చి క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ చేసినారు, కాబట్టి 2 క్యూవీఓ అని ఉందంటే ఆ కాలానికి సరిగ్గా సరిపోయింది, పతకం మీద నాకు అనుమానం లేదు. ఆ యుద్ధంలో మద్రాస్ సాపర్లు ఫ్రాన్సులో, మెసపటేమియాలో అంటే ఇప్పటి ఇరాక్‌లో, పాలస్తీనాలో పనిచేసినారు. మీ ముత్తాత వాటిలో యాడికి పోయినాడనేది పతకం చెప్పదు, అది కాగితాల్లోనో ఇంట్లో పెద్దోళ్ళ మాటల్లోనో దొరకాలి. మీ జేజి బతికే ఉందన్నావు కదా, ఆమెను బస్రా, బాగ్దాద్, ఫ్రాన్సు ఈ పేర్లు ఎప్పుడన్నా ఇంట్లో విన్నావా అని అడుగు. ఒక్కో పేరు విడివిడిగా, ఆమె చెవికి పడేట్టు చెప్పి అడుగు.

ఇంక మూడోదాని దగ్గర అసలు సంగతి ఉంది. నువ్వు మూడూ ఒకాయనవే అనుకుంటున్నావు. కాదు. ఇండియా మ్యాపు ఉండేది ఇండియా సర్వీస్ మెడల్, వెనక 1939-45 అని ఉంటుంది, రెండో ప్రపంచ యుద్ధానిది, వెండి కాదు, రాగి నికెలు కలిపిన లోహం. యుద్ధకాలంలో దేశం లోపలే 3 ఏళ్ళు సైన్యంలో పనిచేసినోళ్ళకు ఇచ్చినారు. దాని అంచు మీద డీవీఆర్ అని, చివర ఆర్‌ఐఏఎస్‌సీ అని చదివినావు. అంటే డ్రైవర్, రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, తిండి, ఇంధనం, లారీలు, కంచరగాడిదల బండ్లు చూసుకునే విభాగం. డ్రైవర్ అంటే లారీ డ్రైవరే అనుకోకు, కంచరగాడిదలు తోలేవాళ్ళను కూడా డ్రైవర్ అనే రాసేవాళ్ళు. ఆ విభాగానికి ముందర రాయల్ అనే మాట 1935లో చేరింది, కాబట్టి ఇది రెండో యుద్ధం మనిషిదే, ఆ సాపర్‌ది అయ్యే అవకాశం చానా తక్కువ, ఆయనకు అప్పటికే వయసు మీరి ఉంటుంది. మీ జేజినాయనో, ఆయన అన్నదమ్ముల్లో ఒకరో అయి ఉండాలి. నంబర్లు రెండూ పక్కపక్కన రాసి చూడు, పేర్లు చూడు. మీ ఇంట్లో రెండు తరాల వాళ్ళు సైన్యంలో పనిచేసినారు, ఆ సంగతే ఇంట్లో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఇంకోటి కూడా చెప్పాలి. మీ ఇంట్లో నాలుగో పతకం ఉండాలి. రెండో యుద్ధంలో 28 రోజులు పూర్తికాలం పనిచేసిన సైనికుడికి వార్ మెడల్ 1939-45 అని ఇంకోటి వస్తుంది, ఆరో జార్జి తల ఒక పక్క, రెండు తలల డ్రాగన్ మీద నిలబడిన సింహం ఇంకో పక్క. 3 ఏళ్ళు చేసి ఇండియా సర్వీస్ మెడల్ తీసుకున్న మనిషికి అది రాకుండా ఉండదు. మీ పెట్టెలో లేదంటే పంపకాల్లో ఇంకో ఇంటికి పోయి ఉంటుంది, లేదా ఎవరో పిల్లోడు ఆడుకుంటా పోగొట్టి ఉంటాడు. ఆయన 1947 ఆగస్టు 15 నాటికి ఇంకా పనిలో ఉండి ఉంటే ఐదోది కూడా ఉండొచ్చు, ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్, కాషాయం తెలుపు ఆకుపచ్చ రిబ్బను, ఒక పక్క మూడు సింహాలు, ఇంకో పక్క అశోక చక్రం, దాని మీద రాజు కిరీటం. చక్రం మీద కిరీటం ఏంది అని చూసినవాళ్ళు ఆశ్చర్యపోతారు, 1950 జనవరి వరకు రాజ్యాంగం రాలేదు కదా, అప్పటిదాకా కాగితాల్లో రాజు ఉన్నట్టే.

పేర్ల గురించి ఒక జాగ్రత్త. ఆ కాలంలో పేరు రాసింది గుమాస్తా, ఆయనకు వినపడినట్టు రాసినాడు, ఇంటిపేరు చానాసార్లు ఉండదు, స్వామి అనే మాటను సామీ అని పలికేట్టు వింత స్పెల్లింగుతో రాసింటారు. మీ ముత్తాత అసలు పేరుకు, అంచు మీద పేరుకు పొంతన కుదర్లేదని ఇది మాది కాదేమో అని కంగారుపడొద్దు. ఒకే పేరు ఉండేవాళ్ళు ఒక దళంలో పదుల మంది ఉంటారు, నంబరు మాత్రం ఆ మనిషికే. అందుకే నంబరును రెండుసార్లు చూసి రాసుకో, 3 కి 8 కి, 1 కి 7 కి తేడా జాగ్రత్త.

శుభ్రం చేయడం అంటావా, చేయకపోవడమే శుభ్రం. వెండి మీద నల్లటి పొర గాలిలో గంధకం వల్ల వచ్చేది, అది ఉండి పతకాన్ని కాపాడతానే ఉంటుంది, అసహ్యంగా అనిపించినా వదిలెయ్. విభూతి, టూత్‌పేస్ట్, ఇత్తడి తోమే పొడి, నిమ్మకాయ, యూట్యూబులో చూపించే అల్యూమినియం కాగితం బేకింగ్ సోడా, ఏదీ వద్దు. దుమ్ముంటే మెత్తటి నూలు గుడ్డతో ఒత్తకుండా తుడువు, అంతే. కంచు పతకం మీద పచ్చగా ఉందన్నావు, దాన్ని దగ్గరగా చూడు. ముదురు ఆకుపచ్చగా గట్టిగా అంటుకొని ఉంటే భయం లేదు. లేత ఆకుపచ్చ పొడి మాదిరి ఉండి, తుడిస్తే వచ్చేసి, కొన్నాళ్ళకు మళ్ళీ అక్కడే పుడతా ఉంటే అది లోహాన్ని లోపల్నుంచి తినే జబ్బు, చెమటలో ఉండే ఉప్పు, గాలిలో తేమ కలిస్తే వస్తుంది. అట్లయితే దాన్ని మిగతా వాటి నుంచి విడిగా పెట్టి పొడి చోట ఉంచి, మ్యూజియంలో కన్సర్వేషన్ తెలిసినవాళ్ళకు చూపించు, ఇంట్లో వైద్యం చేయొద్దు. ఒక విషయంలో మనం అదృష్టవంతులం, మన సీమ గాలి పొడి గాలి, అనంతపురం జిల్లా అయితే దేశంలోనే వానలు తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, సముద్రం పక్కన ఊర్లలో పాడైనంత తొందరగా మన దగ్గర లోహం పాడవదు. ఇన్నేళ్ళు గుడ్డమూటలో ఉండి కూడా నీ పతకాలు అంత బాగున్నాయంటే కారణం అదే.

చేత్తో పట్టుకునేటప్పుడు నూలు గ్లోవ్స్ వేసుకో, లేకపోతే చేతులు కడుక్కొని బాగా తుడుచుకొని అంచు పట్టుకో, బొమ్మ మీద వేలు పెట్టొద్దు, వేలిముద్ర కొన్నాళ్ళకు మచ్చగా తేలుతుంది. పెట్టేదానికి వెల్వెట్ డబ్బా, ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక కాగితం, మెత్తగా జిడ్డుగా ఉండే ప్లాస్టిక్ ఆల్బం పనికిరావు, ఇవన్నీ లోహానికి హాని చేసే ఆవిర్లు వదుల్తాయి. కర్పూరం, కలరా ఉండలు కూడా ఆ పెట్టెలోంచి తీసెయ్. మామూలు పాలిథిన్ జిప్ కవర్లు మంచివి, ఒక్కోదానికి ఒక్కో కవరు, అన్నీ ఒక డబ్బాలో, ఒక సిలికా జెల్ పొట్లం వేసి. రిబ్బను మీద ఎండ పడనీయొద్దు, లైటు కింద ఫ్రేము కట్టి గోడకు తగిలించొద్దు, గోడకు కావాలంటే ఫొటో ప్రింటు తీసి ఫ్రేము కట్టుకో. పాత రిబ్బను చినిగిపోయిందని తీసి పారేసి కొత్తది వేయించొద్దు, చినిగిన పీలిక కూడా దాని చరిత్రలో భాగమే.

వెల గురించి. ఆ వెండి పతకం దాదాపు ఒక ఔన్సు, అంటే 30 గ్రాములకు కాస్త పైన, 92.5 శాతం వెండి. ప్రొద్దుటూరు అంగడిలో తూకం వేసి ఆ రోజు వెండి రేటు కడతారు, తప్పు వాళ్ళది కాదు, వాళ్ళ లెక్క లోహం లెక్క. 1980లో వెండి ధర ఆకాశానికి ఎక్కినప్పుడు ఇంగ్లండులోనే ఈ పతకాలు కుప్పలు కుప్పలుగా కరిగించినారు, మన దగ్గర ఎన్ని కొలిమిలో పోయినాయో ఆ లెక్క ఎవరూ రాయలేదు. సేకరించేవాళ్ళకు అమ్మితే ఇంకొంచెం ఎక్కువ రావచ్చు, అయితే వాళ్ళు జంటను విడదీసి అమ్మేస్తారు. మళ్ళీ మీరు వెతికినా దొరకదు. ఇంకోటి, మొదటి యుద్ధం పతకాలకు నూరేళ్ళు దాటినాయి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువును ఇష్టమొచ్చినట్టు దేశం బయటికి పంపకూడదు, విదేశాల నుంచి కొంటామని మెసేజ్ పెట్టినోళ్ళకు పార్సిల్ కట్టొద్దు. నంబరు, పేరు కనపడే ఫొటోలు కూడా అందరికీ కనపడేట్టు పెట్టొద్దు, నీ ఫొటోల్లో అది దాచుకో.

మ్యూజియం సంగతి. నా మాట సూటిగా చెప్తాను. ఇంట్లో పతకాల మీద మనసుండే మనిషి ఒకరున్నారంటే, ఇప్పుడు నువ్వున్నావు, ఇంట్లోనే పెట్టుకో. నీ తర్వాత చూసేవాళ్ళు లేరని అనిపించిన రోజు ఇచ్చెయ్. అయితే ఉత్త పతకం ఇస్తే మ్యూజియంకు దక్కేది లోహం ముక్కే. కడపలో భగవాన్ మహావీర్ మ్యూజియం ఉంది, కర్నూలులో, అనంతపురంలో కూడా ఉన్నాయి, వీటిలో ఎక్కువగా ఉండేది శిల్పాలు, శాసనాలు, తవ్వకాల్లో దొరికినవి. అక్కడ పతకం ఒక మూలకు పోయే ప్రమాదం ఉంది, కానీ మీ ఊరి పిల్లోడు బడి టూరులో వచ్చి మన ఊరాయన అని చూసే అవకాశం కూడా అక్కడే ఉంది. సాపర్ పతకాల జంటను చదవగలిగేవాళ్ళు, ఆ నంబరుకు అర్థం తెలిసినవాళ్ళు బెంగళూరులో మద్రాస్ సాపర్ల మ్యూజియంలో ఉంటారు. నన్నడిగితే వెండి, కంచు జంట వాళ్ళకు, పతకాల ఫొటోలు, మీరు రాసిన కథ మన జిల్లా మ్యూజియంకు. యాడికిచ్చినా ఉత్త మాట మీద ఇవ్వొద్దు. రాతపూర్వకంగా ఇవ్వు, శాశ్వతంగా ఇస్తున్నావా, కొన్నాళ్ళ కోసం ఇస్తున్నావా అందులో స్పష్టంగా రాయించు, రసీదు తీసుకో, రిజిస్టరులో ఎక్కిన నంబరు అడిగి రాసుకో. ఆ నంబరు ఉంటే ఇరవై ఏళ్ళ తర్వాత మీ పిల్లలు పోయి మా ముత్తాత పతకం చూపించండి అంటే వెతికి తీయగలరు, లేకపోతే స్టోర్ రూములో వెయ్యి వస్తువుల మధ్య అది ఎక్కడుందో ఆ ఉద్యోగులకే తెలీదు. మంచి మ్యూజియం పతకం మీద ఎప్పుడూ సిరాతో నంబరు రాయదు, దారంతో కట్టిన అట్ట చీటీ మీద రాస్తుంది, అది చూసి వాళ్ళ పనితనం అంచనా వేసుకోవచ్చు.

ఇవ్వకముందైనా ఇంట్లో పెట్టుకున్నా, కథ మాత్రం ఇప్పుడే రాసిపెట్టు. ఒక నోట్‌బుక్కు తీసుకొని మొదటి పేజీలో ఇద్దరి పేర్లు ఇంటిపేరుతో సహా, ఊరు, ఎవరికి ఎవరు ఏమవుతారు, పతకాలు యాడ ఎప్పుడు దొరికినాయి, ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఉన్నాయి. తర్వాత జేజి చెప్పింది చెప్పినట్టు, ఫోన్లో రికార్డు కూడా చెయ్. ఊర్లో మీ ఇంటిని మిలిటరీవాళ్ళ ఇల్లు అంటారా అడుగు, అట్లా పిలిచే ఇండ్లు మన పల్లెల్లో ఉన్నాయి. మాజీ సైనికులకు ఇచ్చిన భూమి పట్టా ఏమన్నా ఇంట్లో ఉందా, పింఛను పుస్తకం, డిశ్చార్జి కాగితం, యూనిఫారం ఫొటో, తిరిగొచ్చినాక తెచ్చిన టిన్ను, చెంచా, దుప్పటి, ఏదున్నా పతకాలతో పాటు ఒకే చోట పెట్టు. రెండో యుద్ధం మనిషి కాగితాల కోసం కడప జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పో, నంబరు, హోదా, విభాగం చెప్తే అర్జీ ఎట్లా పెట్టాలో, ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో చెప్తారు. మొదటి యుద్ధం సాపర్ గురించి బెంగళూరు దళానికి ఒక ఉత్తరం రాయి, జవాబు ఆలస్యమయినా రాయి. ఆ యుద్ధాల్లో చనిపోయినోళ్ళయితే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో దొరికేవాళ్ళు, మీ వాళ్ళు తిరిగొచ్చినారు కాబట్టి అందులో వెతికినా ఉండరు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక పని ఉంది. మూడు పతకాలనూ ఒక్కోటిగా కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, తెల్ల కాగితం మీద నిలబెట్టి, లైటు పక్కనుంచి వాలుగా పడేట్టు పెట్టి, అంచును కొంచెం కొంచెం తిప్పుతా ఒక్కో వైపు ఫొటో తియ్యి. ఫ్లాష్ వేయొద్దు, మెరుపులో అక్షరాలు పోతాయి. అరిగిన అక్షరాలు కూడా వాలు వెలుతురులో నీడ పడి కనపడతాయి. ఆ ఫొటోలు నాకు విడిగా పంపు, మూడోదాని మీద ఆర్‌ఐఏఎస్‌సీ ముందర ఇంకేమన్నా చిన్న అక్షరాలు ఉన్నాయేమో చూడాలి. ఆ నాలుగో పతకం గురించి మీ మేనత్తల ఇండ్లలో ఒకసారి అడుగు, ఆడపిల్లలకు తల్లి పెట్టెల్లోంచి ఇచ్చినవాట్లో ఇట్లాంటివి చానాసార్లు దొరుకుతాయి.